చలిగదిలో మొక్కలు

మంచుదిమ్మలో కొక్కెం దించేటప్పుడు మునియప్పన్ కళ్ళు మూసుకుంటాడు. ముక్కలు ఎగిరి కళ్ళలో పడతాయని చెబుతాడు గానీ అసలు సంగతి అది కాదు. ఇనుపమొన గాజులాంటి మంచులో దిగబడి, లోపలెక్కడో టక్కుమని చీలిక పాకే ఆ ఒక్క క్షణం అతనికి ఒళ్ళంతా తియ్యగా ఉంటుంది. ఆ తీపి తన మొహం మీద ఎవరికైనా కనబడుతుందేమోనని అతని భయం. కళ్ళు మూసుకుంటే మొహానికి తలుపు వేసినట్టు ఉంటుంది.

కోవిల్‌పట్టి ఊరి బయట, నల్లరేగడి చేల అంచున ఉన్న ఐస్ ఫ్యాక్టరీలో అతను యంత్రం చూసే మనిషి. కంప్రెసర్ చప్పుడు విని దాని ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవడం, ఉప్పునీళ్ళ తొట్టి మీది చెక్కమూతలు లేపి గడ్డకట్టిన డబ్బాలను గొలుసుతో పైకి లాగించడం, మామూలు నీళ్ళలో ఒక మునక ముంచి వదులు చేయించడం, ఇదీ అతని పని. దిమ్మలు లాగడం, మొయ్యడం కూలీల పని. అయినా ఈ మధ్య కొక్కెం తనే పట్టుకుంటున్నాడు. చేతులకు ఏదో ఒకటి ఇవ్వకపోతే అవి ఊరుకోవు.

"ఏమన్నా," అన్నాడు దిమ్మలు మోసే ఆండి, తడిసిన గోనెసంచి భుజం మీద సర్దుకుంటూ. "నీ చెంప మీద దోమ వాలుండాది. కొట్టవా? దానిగ్గూడా పెద్దోళ్ళను అడగల్నా?"

ఐస్ పొడి చేసే మిషను దగ్గరున్న ముసలి మూక్కన్ పొగాకు ఉమ్మేసి మరీ నవ్వాడు. మునియప్పన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు అతను నేర్చుకున్నది. దీపావళి మరునాడు అతని పెళ్ళాం పాండిసెల్వి విరిగిన మణికట్టును కొంగులో చుట్టుకుని కడంబూరు పక్క పుట్టింటికి వెళ్ళిపోయింది. సంక్రాంతికి తై నెల పుట్టేలోగా మునియప్పన్ ఎవరి మీదా చెయ్యెత్తలేదని తోటివాళ్ళు చెబితే పిల్లను పంపుతామనీ, ఎత్తాడని తెలిస్తే ఇక ఆ మాటే లేదనీ పెద్దలు తేల్చారు. ఆ తీర్పు ఫ్యాక్టరీ దాకా వచ్చి కూలీలకు ఆటవస్తువైపోయింది. గడువు తేల్చే పంచాయితీ ఈ ఆదివారమే.

"ఆదివారం దాకా తాళు," అన్నాడు మునియప్పన్. "పాండిసెల్వి ఇంటికి రానీ. అబ్బుడు నీ చెంప మీది దోమను గూడా నేనే కొడతా."

"అమ్మాడీ! వదినె ఆడనే ఉండనీలే. మాకు బద్రంగా ఉండాది."

మళ్ళీ నవ్వులు. మునియప్పన్ కొక్కేన్ని ఇంకో దిమ్మలోకి దించాడు. కళ్ళు మూసుకున్నాడు.

మంచు నిలవ చేసే గదికి రెండు తలుపులు. బయటి తలుపుకూ లోపలి తలుపుకూ మధ్య ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకునేంత జాగా ఉంటుంది. అక్కడ నీళ్ళు గడ్డకట్టవు, ఒళ్ళు మాత్రం జిల్లుమంటుంది. ఆ జాగాలో, మూలనున్న బల్ల మీద, తెల్లటి థర్మోకోల్ పెట్టె ఒకటి. పెట్టెలో ప్లాస్టిక్ కుండీలు, కుండీల్లో నాచు, నాచులో నేలకు అంటుకుపోయిన నల్లటి ఆకులు. విరుదునగర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఆనందరాజ్ సార్ కార్తీకంలో వాటిని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. విరుదునగర్‌లో అడిగిన చోటల్లా నవ్వి పంపేశారట. ఇక్కడ మునియప్పన్ కంప్రెసర్‌ను తెలుగులో బూతులు తిడుతుంటే విని ఆగాడు. ఆయన ఇంట్లోనూ అదే తెలుగు.

"ఇవి ఈగల్ని పట్టి తినే మొక్కలు, తంబీ. చలిదేశాలవి. మన ఎండకు ఏడాదంతా మేలుకోనుంటే అలిసిపోయి చచ్చిపోతాయి. మూడు నెలలు పండుకోబెట్టల్ల. ఇంట్లో ఫ్రిజ్‌లో పెడదామంటే, పెరుగు పక్కన పురుగుల్ని తినేదాన్ని పెడతావా అని మా ఆడమనిషి ఒప్పుకోలేదు."

తిండి పెట్టొద్దు, నాచు ఎండిపోనివ్వొద్దు, గడ్డకట్టనివ్వొద్దు, నల్లబడితే భయపడొద్దు అన్నాడు సారు. బోరు నీళ్ళలో ఉప్పు ఉంటుంది, దిమ్మకు పైన అద్దంలా ఉండే మంచు కరిగించి ఆ నీళ్ళు పొయ్యమన్నాడు. మునియప్పన్ సరేనన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. యజమాని బావమరిది సురేష్‌కుమారే ఫ్యాక్టరీ నడిపేది. అతనికి మాత్రం చెప్పలేదు. అతను చలిలోకి అడుగుపెట్టే రకం కాదు.

వచ్చిన కొత్తలో ఆ మొక్కలకు ఇంకా ప్రాణం ఉండేది. ఒక్కో ఆకు చివర తెరిచిన పుస్తకంలాంటి నోరు, అంచుల్లో ముళ్ళు, లోపల సన్నటి వెంట్రుకలు. వెంట్రుకను ఒకసారి తాకితే ఊరుకునేది. వెంటనే ఇంకోసారి తాకితేనే మూసుకునేది. మునియప్పన్ దాన్ని చాలాసార్లు చేసి చూశాడు. మొదటి తాకుడుకూ రెండో తాకుడుకూ మధ్య అది ఏం చేస్తుందా అని ఆలోచించేవాడు. తనకు ఆ మధ్య అనేది లేదు. పాండిసెల్వి కూరలో ఉప్పు మరిచిపోయిందన్న సంగతి నాలిక్కి తెలిసేసరికే చెయ్యి వెళ్ళిపోయి ఉండేది. ఆమె పడిన చప్పుడు విన్నాక కోపం వచ్చేది. అదీ వరస.

ఇప్పుడు నల్లటి నోట్లో వేలు పెట్టి కదిపినా అది మూసుకోవడం లేదు. రోజూ పని మొదలుపెట్టే ముందు అతను ఒకసారి వేలు పెట్టి చూస్తాడు. కదలదు. ఆ కదలకపోవడం చూస్తే అతనికి ఏదో ధైర్యంగా ఉంటుంది.

"పావం అన్నా," అన్నాడు ఆండి, అతని భుజం మీదుగా తొంగిచూసి. "చలికి బొగ్గైపొయ్యిండాయే. కొంచెం ఎండ కాపిస్తే ఏం?"

"చలే కావల్ల వాటికి."

"యాడన్నా ఉంటదా? మా అమ్మ కోడిపిల్ల ముడుచుకున్నా ఎండలోనే పెడతాది, బిడ్డ ముడుచుకున్నా ఎండలోనే పెడతాది. నేను అట్లనే బతికినా."

"నీ పని నువ్వు చూసుకోరా."

ఆండి నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నేలలో పుట్టినవాడికి తట్టని సంగతి అది. ఎండే తిండి అని తెలుసు, చలి కూడా కొన్నిటికి తిండే అని ఎవరు చెప్పినా నమ్మడు.

మధ్యాహ్నం కంప్రెసర్ వాషర్ ఒకటి కారుతుంటే, కొత్తది తేవడానికి మునియప్పన్ సైకిలెక్కి బజారుకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఫ్యాక్టరీ ముందు తూత్తుకుడి చేపల లారీ నిలబడి ఉంది. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. లోపలి నుంచి సురేష్‌కుమార్ అరుపులు, అరవంలో.

మునియప్పన్ పరిగెత్తాడు. నిలవగది రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. దిమ్మలన్నీ చెమటపట్టి, ఒకదానికొకటి అతుక్కుని ఒకే కొండలా అయిపోయాయి. ఇద్దరు గడ్డపారతో విడదీయబోతే ముక్కలు చెక్కలవుతున్నాయి. మధ్యగదిలో బల్ల ఖాళీగా ఉంది.

వెనక ప్రహరీ దగ్గర ఎండలో థర్మోకోల్ పెట్టె కనబడింది. దాని పక్కన ఆండి మోకాళ్ళ మీద కూర్చుని, మేకలు రాకుండా గోనెసంచితో విసురుతున్నాడు. పెట్టె రెండు చేతులతో ఎత్తుకుని బయటికి వచ్చినవాడు తలుపుల మాటే మరిచాడు. ముడుచుకున్న దాన్ని ఎండకు చేర్చాలన్న ఆత్రం తప్ప ఇంకేం గుర్తులేదు వాడికి.

సురేష్‌కుమార్ ఆండిని జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చాడు. తడినేల మీద ఆండి కాళ్ళు జారాయి. లేవబోతే కడుపులో తన్నాడు.

"ఎవడు తెరిచాడురా తలుపు? నువ్వేనా?"

"చెట్లకు ఎండ సార్..."

"ఏ చెట్లు? మంచుకొట్టులో చెట్లేందిరా?"

ఆండి తల తిప్పి మునియప్పన్ వంక చూశాడు. ఆ చూపులో అడగడం లేదు, నిందించడం లేదు. నువ్వు చెప్తావులే అన్న నమ్మకం మాత్రం ఉంది. మునియప్పన్ నోరు తెరవలేదు. చెబితే పెట్టె పెంటలో పడుతుంది, ఆ తరువాత తన పని పోతుంది. ఇవి అతను తరువాత చెప్పుకున్న కారణాలు. ఆ క్షణంలో అతని మనసులో ఉన్నది ఒక్కటే. ఎండలో పెట్టాడు. నేను వద్దన్నా పెట్టాడు.

"ఊరికే సార్. మరిచిపొయ్యినా," అన్నాడు ఆండి.

సురేష్‌కుమార్ చూపు గోడల మీద వెతుకుతోంది. చేతికి ఏదో ఒకటి కావాలి. డబ్బాలకు నీళ్ళు పట్టే రబ్బరుగొట్టం ముక్క మునియప్పన్ వీపు వెనక మేకుకు వేలాడుతోంది. దాని తడి అతని చొక్కాలోంచి తగులుతూనే ఉంది.

మునియప్పన్ ఎడమపక్కకు అర అడుగు జరిగాడు.

ఎవరూ అతన్ని జరగమనలేదు. సురేష్‌కుమార్ గొట్టం అందుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. తడి రబ్బరు, తడి చర్మం, ఆ చప్పుడు కంప్రెసర్ రొదలోనూ వేరుగా వినబడింది. రెండోది వీపు మీద. ఆండి చేతులు నెత్తి మీద పెట్టుకుని ముడుచుకున్నాడు. మూడోది వేళ్ళ మీద. వేళ్ళు ఊడిపోయినట్టు విడిపోయాయి. ఆ తరువాతది చెవి మీద పడింది. ఆండి గొంతులోంచి మనిషిది కాని అరుపు వచ్చింది. చెవి వెనక నుంచి నెత్తురు మెడ మీదికి, అక్కడి నుంచి మంచునీళ్ళలోకి కారి గులాబిరంగులో పాకింది.

మునియప్పన్ చూస్తున్నాడు. అతని కుడి అరచేయి తొడ పక్కన చిన్నగా మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. ప్రతి దెబ్బకూ అతని మోచేతిలో నరం జివ్వుమంటోంది. దెబ్బ ఇంకొంచెం కిందికి పడాలని, ఇప్పుడు పక్కటెముకల మీద అని, అతనిలో ఎవరో లెక్కగా చెబుతున్నారు. కళ్ళు మూసుకోవాలని గుర్తొచ్చింది. మూసుకోలేకపోయాడు.

గొట్టం కింద పడేసి సురేష్‌కుమార్ రొప్పుతూ వెళ్ళిపోయాడు. లారీ హారన్ ఆగింది. మూక్కన్, ఇంకో కూలీ ఆండిని లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఆండి మూతి చాచి నీళ్ళు అడుగుతున్నాడు.

మునియప్పన్ వెనక ప్రహరీ దగ్గరికి వెళ్ళాడు. పెట్టెను ఎత్తుకుని వచ్చి బల్ల మీద పెట్టాడు. బయటి తలుపు మూశాడు. నాచును వేలితో నొక్కి చూశాడు, వేడిగా ఉంది. లోపలికి వెళ్ళి అద్దంలాంటి మంచుముక్క ఒకటి గీరి, అరచేతిలో కరిగించి, ఒక్కో కుండీకి చుక్క చుక్కగా పోశాడు. అన్నీ అయ్యాక బయటికి వచ్చి చూస్తే, ఆండికి ఎవరో నీళ్ళు తాగించేశారు.

మూక్కన్ అతని దగ్గరికి వచ్చి భుజం తట్టాడు.

"బాగా అణుచుకుంటివిరా. పాత మునియప్పనైతే ఈ పొద్దు ఈడ ఇంకో తల పగిలుండును. నీ చెయ్యి లేస్తదేమోనని నాకు బయం. లేవలేదు. కండ్లారా చూసినా. నీ అన్నతో చెప్తా, ఆదివారం పంచాయితీలో ఈ మాట చెప్పించల్ల."

మునియప్పన్ కింద పడున్న గొట్టం తీసి మళ్ళీ మేకుకు తగిలించాడు.

మరునాడు ఆనందరాజ్ సార్ వచ్చాడు. సురేష్‌కుమార్ లేని పూట చూసి కబురు పెట్టింది మునియప్పనే. ఎండ తగిలిందని చెప్పాడు, ఎలా తగిలిందో చెప్పలేదు. సారు మంకీటోపీ పెట్టుకుని మధ్యగదిలోకి వచ్చి, కళ్ళద్దాల మీద పట్టిన ఆవిరి తుడుచుకుంటూ కుండీలను ఒక్కొక్కటే దీపం వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఒక్క పూటకేం కాదులే."

"చచ్చిపొయ్యిందా, బతికుండాదా, ఎట్ల తెలుస్తది సార్? చూసేదానికి అంతా నల్లగానే ఉండాది."

"పైన చూస్తే తెలవదు." సారు జేబులోంచి బ్లేడు తీశాడు. నల్లటి ఆకుల్ని పక్కకు తోసి, నాచులో వేలు దూర్చి, దుంపను కొంచెం బయటికి లాగాడు. "మెత్తగా, గోధుమరంగులో ఉంటే పొయ్యినట్టు. పారెయ్యచ్చు."

మునియప్పన్ దుంప మీదికి వంగాడు. గోధుమరంగులో ఉండాలని కోరుకుంటున్నట్టు అప్పుడే అతనికి తెలిసింది. ఈ మొక్కల కోసం ఒక మనిషి చెవి పగిలింది. అయినా ఇవి చచ్చి ఉండాలి. ఎందుకో చెప్పలేడు.

బ్లేడు దుంపను చీరింది. లోపల తెలుపు. ముల్లంగి లోపలి తెలుపు, తడిగా, గట్టిగా. మధ్యలో గుండుసూది తలంత పచ్చటి మొన, ముడుచుకుని.

"చూసినావా," అన్నాడు సారు సంతోషంగా. "ఏమీ కాలేదు. అంతా లోపల బద్రంగా పెట్టుకోనుండాది. చలిలోంచి తీసిన మరు నెలకు నోళ్ళు తెరుస్తది చూడు, ముందుకంటే పెద్దవి. పండుకున్న దానికి ఆకలెక్కువ."

"తియ్యకుండా ఇట్లే చలిలోనే పెట్టేస్తే?"

"ఎన్నాళ్ళు పెడతావు? అది మొక్క. మంచుముక్క కాదు గదా."

సారు నవ్వి దుంపను నాచులో కప్పెట్టాడు. మునియప్పన్ ఆ తెలుపు కనబడినంతసేపూ చూసి, కనబడకుండా పోయాక తన అరచేతి వంక చూసుకున్నాడు. అది తొడ పక్కన మెల్లగా మూసుకుంటోంది, తెరుచుకుంటోంది.

ఆదివారం అన్న దామోదరసామి ఉతికిన పంచె, భుజాన కొత్త టవలు వేసుకుని వచ్చాడు. అతని వెనక ఆండి. చెవిలో దూది, దాని మీద అడ్డంగా ప్లాస్టరు, మెడ కదపకుండా నడుస్తున్నాడు.

"వీణ్ణేంటికి తెస్తివన్నా?" అన్నాడు మునియప్పన్.

"సాచ్చికి రా. ముసలోడు మూక్కన్ చెప్పినాడు అంతా. కండ్ల ముందర నెత్తురు కారినా నా తమ్ముడు చెయ్యెత్తలేదని దెబ్బలు తిన్నోడే చెప్తే, ఇంక ఎవురు నోరెత్తుతారు?" దామోదరసామి ఆండి వీపు తట్టబోయి, దెబ్బలు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వొచ్చేటబ్బుడు పాండిసెల్వితోనే వొచ్చేది. మీ వదినె పొయ్యి గూడా అలికిపెట్టింది."

బస్సులో ఆండి కిటికీ పక్కన కూర్చున్నాడు. మునియప్పన్ పక్కన కాదు, వెనక సీట్లో. గాలికి చెవి నొప్పెడుతుందని అన్నాడు. క్షమించమని అడగాలని మునియప్పన్ ఒకసారి వెనక్కి తిరిగాడు. ఆండి నవ్వాడు. పళ్ళు మాత్రమే కనబడిన నవ్వు. మునియప్పన్ ముందుకు తిరిగిపోయాడు.

కడంబూరులో దిగి చేల గట్ల మీద నడిచి ఊరు చేరారు. పాండిసెల్వి ఇంటి ముందు, జొన్నదంటు కప్పిన పంచ కింద చాప పరిచి ఉంది. వరసకు మామ అయ్యే ఊరిపెద్ద, ఇంకా ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. అత్త చిన్నమ్మాళ్ చెంబుతో నీళ్ళిచ్చింది. అల్లుడి మొహంలోకి చూడకుండా ఇచ్చినా, గడప పక్కన పాండిసెల్వి బట్టల పసుపుసంచి సర్ది పెట్టే ఉంది. చిన్న కూతురికి సంబంధం కుదరాలంటే పెద్దది ఇంట్లో ఉండకూడదని ఆమె లెక్క.

పాండిసెల్వి గడప లోపల నిలబడింది. కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి బయటికి తిరగదు. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, ఎవరిదో వస్తువు దాచిపెట్టినట్టు నిలబడింది.

"చెప్పబ్బా," అన్నాడు ఊరిపెద్ద, ఆండితో. "నీ పేరేమి? ఏం చూసినావు?"

ఆండి నేల చూస్తూ చెప్పాడు. దీపావళి నుంచి అన్న ఎవరినీ కొట్టలేదు. తిట్టను కూడా లేదు. మేనేజరు తనను కొడుతున్నప్పుడు కూడా చెయ్యెత్తలేదు. అడ్డం కూడా పోలేదు. "ఈగను గూడా తోలలేదు సామీ," అన్నాడు చివర.

"అది మాట!" దామోదరసామి చాప మీద చరిచాడు. "ఇంకేం కావల్ల?"

"అయితే సరి," అన్నాడు ఊరిపెద్ద. "ఏమ్మా పాండిసెల్వి, నీ మాట?"

ఆమె బదులుగా చిన్నమ్మాళ్ అంది. "దాని మాటేముండాది మామా? మొగుడు మంచోడైనాడు. పోతాది."

గోడ పక్కన నిలబడిన మునియప్పన్ భుజం మీది తువ్వాలు జారింది. సర్దుకోవడానికి కుడిచెయ్యి పైకెత్తాడు.

పక్కనున్న ఆండి మోచెయ్యి చటుక్కున లేచి చెవికి అడ్డం వెళ్ళింది. అదే క్షణంలో గడప లోపల పాండిసెల్వి మోచెయ్యి కూడా లేచింది. ఇద్దరివీ ఒకేలా లేచాయి, ఒకే ఎత్తున ఆగాయి, కళ్ళు ఒకేలా మూసుకున్నాయి. ఒక్క క్షణం. ఆ తరువాత ఆండి చెవి నొప్పన్నట్టు ప్లాస్టరు సర్దుకున్నాడు. పాండిసెల్వి జుట్టు వెనక్కి తోసుకుంది. కూర్చున్నవాళ్ళలో ఎవరూ గమనించలేదు.

పాండిసెల్వి ఆండినే చూస్తోంది. మునియప్పన్ ఎన్నడూ చెయ్యి వెయ్యని మనిషిని.

"నేను కొట్టలేదు. నిజమే," అన్నాడు మునియప్పన్. గొంతు తనకే కొత్తగా వినబడింది. "గొట్టం నా వీపు ఎనక ఉన్నింది. నేను పక్కకు జరిగినా."

"జరిగితే?" అన్నాడు దామోదరసామి.

"ఎవురూ జరగమనలేదన్నా. నేనే జరిగినా."

"ఏమిరా ఇది! జరిగేది గూడా తప్పా? పెండ్లాం మీద ఆశ లేక సాకులు చెప్తుండావా?"

గడప లోపలి నుంచి పాండిసెల్వి మాట్లాడింది. ఆ పూట ఆమె నోరు తెరవడం అదే మొదలు.

"జరిగేటబ్బుడు యాడ చూస్తుంటివి?"

చుట్టూ ఉన్నవాళ్ళకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అతనికి అర్థమైంది. తన దెబ్బ పడే చోటు మీద ముందు తన చూపు వాలుతుందని అతనికి తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఆమెకు ఎప్పుడో తెలుసు.

"వాని చెవిని," అన్నాడు.

ఆండి దూది మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"తెంపెయ్యండి మామా," అన్నాడు మునియప్పన్ ఊరిపెద్దతో. "పంపొద్దండి."

దామోదరసామి లేచి తమ్ముడి చెంప మీద ఈడ్చి కొట్టాడు. తల గోడకు తగిలింది. "సిగ్గు లేదేరా? పదిమందిని కాళ్ళు పట్టుకోని కూడేసినానే! నిన్ను మనిషిని చేసేదానికి నేను తిరిగినానే!" రెండోది పెదవి మీద పడింది. ఉప్పగా నెత్తురు. మునియప్పన్ లోపల, అన్నిటికంటే అడుగున, తెల్లగా గట్టిగా ఉన్నది కదిలింది. హాయిగా ఒళ్ళు విరుచుకుంది. అన్న గొంతుముడి ఎక్కడుందో అతని కళ్ళు అప్పుడే చూసేశాయి. కుడిచెయ్యి లేచింది.

అందరూ వెనక్కి జరిగారు. దామోదరసామి కూడా.

లేచిన చెయ్యి అక్కడే ఆగింది. ఆ తరువాత ఇంకా పైకి వెళ్ళి, చూరులో దూరి, ఒక జొన్నపుల్లను లాగింది.

వాళ్ళలో పెళ్ళి తెగిందనడానికి కాగితం అక్కర్లేదు. మొగుడు చూరులోంచి పుల్ల తీసి, పెద్దల ముందు రెండుగా విరిచి, ఆడపిల్ల తరఫువాళ్ళ చేతిలో పెడితే చాలు. ఆమె మళ్ళీ ఎవరినైనా కట్టుకోవచ్చు, ఒంటరిగా ఉండొచ్చు, ఎవరూ అడగడానికి లేదు. పుల్ల పెట్టినవాడికి మాత్రం పిల్లనిచ్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఉండరు.

"ఒద్దు," అంది చిన్నమ్మాళ్, రెండు చేతులూ కొంగులో దాచుకుని. "నేను తీసుకోను. మంచోడైనాడని అందరూ చెప్తుంటే ఎట్ల తీసుకొనేది? ఈ పుల్ల నా ఇంట్లోకి రానియ్యను."

మునియప్పన్ పుల్ల విరిచాడు. అది తిన్నగా విరగలేదు. పట్టుకుని చాచి నిలబడ్డాడు. ఊరిపెద్ద అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ చెయ్యి చాచలేదు. దామోదరసామి చాప అంచు మీద కూలబడి టవల్లో మొహం దాచుకున్నాడు.

ఇది మంచితనం కాదని మునియప్పన్‌కు తెలుసు. ఆమె వస్తే బాగుండునని ఇప్పటికీ ఉంది. పొయ్యి వెలిగిన ఇల్లు, చీకట్లో పక్కన ఒక ఊపిరి, అన్నీ కావాలని ఉంది. ఎంత కావాలని ఉందో అంత గట్టిగా పుల్లను ముందుకు చాచాడు. ఇంకాసేపు ఎవరూ తీసుకోకపోతే చెయ్యి తనంతట తనే వెనక్కి వచ్చేస్తుందని అతనికి భయం వేసింది.

పాండిసెల్వి గడప దిగింది.

"పాప్పా!" అంది తల్లి.

ఆమె ఆగలేదు. వచ్చి అతని ముందు నిలబడింది. కొట్టేంత దూరంలో, మోచెయ్యి ఎత్తకుండా. ఎడమచేత్తో పుల్ల అందుకుంది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని తిప్పి చూసింది. రెండు ముక్కలూ ఇంకా పూర్తిగా విడిపోలేదు. మధ్యలో సన్నటి నార ఒకటి పట్టుకుని వేలాడుతోంది.

కుడిచేత్తో పట్టుకుని తుంపబోయింది. మణికట్టు తిరగలేదు. నొప్పికి పెదవి బిగిసింది. ఇంకోసారి ప్రయత్నించింది. మునియప్పన్ సాయం చేయబోయి, వేళ్ళు కదిలించి, ఆపేసుకున్నాడు.

ఆమె పుల్లను నోట్లో పెట్టుకుని, పళ్ళతో కొరికి నార తెంపింది. తెగిన నారను పక్కకు ఉమ్మేసింది. ఒక ముక్కను ఊరిపెద్ద ఒళ్ళో వేసింది, ఇంకొకటి తన కొంగున ముడి వేసుకుంది. ఆ తరువాత గడప పక్కనున్న పసుపుసంచిని కాలితో లోపలికి తోసుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది.